ఎండాకాలంలో గోల్ఫ్ గ్రీన్ మీదికి గడ్డి కోసే మిషన్ దించే ముందు

ముందు గ్రీన్ మీద, అంటే బంతి పడే గుంత చుట్టూ పొట్టిగా కోసిన పచ్చికలో, గడ్డి ఏ రకమో చూసుకోండి. బెర్ముడా ఎండకు ఏపుగా పెరుగుతుంది. బెంట్‌గ్రాస్ వేళ్లు మాత్రం మట్టి వేడెక్కేకొద్దీ కురచబడిపోతాయి. కింది జాగ్రత్తలు ముఖ్యంగా దాని కోసమే.

• నీళ్లు పెట్టే ముందు మట్టిలో తేమ చూడండి, మీటరుతోనైనా సరే, వేలితోనైనా సరే. అడుగు వేసిన చోట గడ్డి తిరిగి లేవకుండా, నీలం కలిసిన బూడిద రంగుకు తిరిగితే అక్కడ నీరు చాలడం లేదు. ఆ మచ్చ వరకే చేతి పైపుతో తడపండి. ఒక మూల ఎండిందని గ్రీన్ అంతా ముంచెత్తితే, వేడి బురదలో వేళ్లకు గాలి ఆడదు. ఎండ కన్నా ఈ అతి నీళ్లకే నేను ఎక్కువ భయపడతాను.

• మధ్యాహ్నం కొట్టే సన్నటి జల్లు ఆకు చల్లబడటానికే, వేళ్లు తడవడానికి కాదు. కాసేపు చాలు.

• బ్లేడుకు కాగితం శుభ్రంగా తెగాలి. మొద్దుబారితే ఆకును చీలుస్తుంది, కొసలు తెల్లబడతాయి. కోత ఎత్తు 3 మి.మీ. ఉంటే 3.5కో 4కో పెంచండి. బంతి నెమ్మదిస్తోందని ఆటగాళ్లు అంటే, కోత ఆపిన రోజు రోలర్ తిప్పండి.

• రాత్రంతా ఉక్కపోసి, తెల్లారేసరికి గడ్డి జిడ్డుగా, నల్లగా మచ్చలు కడితే మిషన్ ఆపండి. అది పిథియం అనే తెగులు కావచ్చు. తడి మీద నడిపితే చక్రాలే తెగులును పక్క గ్రీన్‌కు మోసుకెళ్తాయి.

• నత్రజని కొద్దికొద్దిగానే. ఇసుక చల్లి బ్రష్ కొట్టడం, మట్టికి గాలి ఆడేలా పెద్ద రంధ్రాలు తీయడం వాతావరణం చల్లబడ్డాకే. సన్నటి సూది రంధ్రాలు ఇప్పుడూ వేయొచ్చు.