మీ ఏరియా గవర్నమెంటు హైస్కూలు చరిత్ర రాయడం ఎలా? (చెన్నై శివార్లలో చదివినవాళ్ల కోసం)

అంబత్తూరు కానీ, ఆవడి కానీ, తిరువొత్తియూరు కానీ, చెన్నై శివార్లలో ఎక్కడ చూసినా వేలమంది చదివి వెళ్లిన పెద్ద గవర్నమెంటు స్కూలు ఒకటి ఉంటుంది. దానికి డెబ్భై ఐదేళ్లో వందేళ్లో నిండాయని పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో హడావుడి మొదలవుతుంది, ఒక సావనీరు వేస్తారు, అందులో ఎమ్మెల్యే గారి ఫొటో, హెడ్‌మాస్టర్ల పట్టిక, వెనకాల నగల షాపు యాడ్లు, స్కూలు చరిత్ర మాత్రం అర పేజీ. ఆ అర పేజీ దగ్గర ఆగకుండా నిజంగా చరిత్ర రాయాలనుకుంటే ఇలా చేయండి. పెద్ద చదువులేం అక్కర్లేదు. ఓపిక, తమిళం గడగడా చదవగలిగే ఒక ఫ్రెండు ఉంటే చాలు.

ముందు స్కూలు పాత పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. ఇప్పుడు గేటు మీదున్న ‘గవర్నమెంట్ హయ్యర్ సెకండరీ స్కూల్’ అనే పేరుతో 1960ల నాటి కాగితాలు వెతికితే ఒక్క ముక్క దొరకదు, ఎందుకంటే తమిళనాడులో ప్లస్ వన్, ప్లస్ టూ మొదలైందే 1978లో. అంతకుముందు పదకొండో క్లాసుతో ఎస్సెస్సెల్సీ అయిపోయేది, పీయూసీ (డిగ్రీకి ముందు చదివే ప్రీ-యూనివర్సిటీ కోర్సు) కోసం కాలేజీకి పోవాల్సిందే. ఇంకా వెనక్కి వెళ్తే మీ స్కూలు జిల్లా బోర్డు హైస్కూలు అయ్యుండొచ్చు, పెంకుటింట్లో మొదలైన ఎలిమెంటరీ స్కూలూ అయ్యుండొచ్చు. జిల్లా పేరు కూడా చూసుకోండి. పైన చెప్పిన మూడు ఊళ్లూ ఒకప్పుడు చెంగల్పట్టు జిల్లావే, 1997లో తిరువళ్లూరు జిల్లాలోకి వెళ్లాయి, 2011లో అంబత్తూరు, తిరువొత్తియూరు చెన్నై కార్పొరేషన్‌లో కలిశాయి, ఆవడి 2019లో తనే కార్పొరేషన్ అయింది. కాబట్టి 1950ల ఫైలు చెన్నై పేరు కింద కాదు, చెంగల్పట్టు కింద వెతకాలి.

తర్వాత స్కూలు చుట్టూ ఒకసారి నింపాదిగా తిరగండి. ప్రతి బ్లాకుకీ ఒక శిలాఫలకం ఉంటుంది, దాని మీద తేదీ, కట్టించిన దాత పేరు, ప్రారంభించిన మంత్రి పేరు ఉంటాయి, దాని మీదే ఏటేటా సున్నమో పెయింటో పూస్తారు. గోకకండి. సాయంత్రం చీకటి పడే ముందు సెల్‌ఫోను టార్చి ఒక పక్క నుంచి, రాయికి దాదాపు ఆనించి పట్టుకుంటే అక్షరాల అంచుల్లో నీడ పడి చదవడానికి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, అడ్మిషన్ రిజిస్టరు. నన్నడిగితే హెడ్‌మాస్టర్ల పట్టిక కంటే ఇది పదింతలు విలువైనది. హెచ్.ఎం. గారికి పూర్వ విద్యార్థుల తరఫున లెటరు ఇచ్చి, ఆఫీసులోనే కూర్చుని చూస్తామని చెప్పండి, ఇంటికి తీసుకెళ్తామంటే ఎవరూ ఇవ్వరు. పిల్లవాడి పేరు పక్కన పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఆయన పని, మాతృభాష, ఎక్కడి నుంచి వచ్చాడు, ఎప్పుడు టీసీ తీసుకున్నాడు, ఇలా ఉంటాయి కాలమ్స్. తండ్రి ఏం పని చేస్తాడన్న కాలమ్ మీదే ముందు దృష్టి పెట్టండి. పదేళ్లకో ఏడాది తీసుకుని ఆ కాలమ్ లెక్కేస్తే, సేద్యం, చేపల వేట పోయి ఫ్యాక్టరీ కూలి ఎప్పుడొచ్చిందో, మీ ఏరియా ఎప్పుడు పల్లె నుంచి టౌనుగా మారిందో కనిపిస్తుంది. పుట్టిన తేదీలను మాత్రం ఎక్కువ నమ్మకండి, చాలా పాత రిజిస్టర్లలో సగం క్లాసు జూన్‌లోనే పుట్టి ఉంటుంది!

తెలుగు సెక్షన్ ఉన్న స్కూలైతే మాతృభాష కాలమ్ కూడా తప్పకుండా లెక్కేయండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసు తమిళుల వైపే ఉండిపోయాక తెలుగు పిల్లల సంఖ్య వెంటనే తగ్గిందా, నెమ్మదిగా తగ్గిందా, అసలు తగ్గలేదా? మనవాళ్లు దీని మీద నోటికొచ్చినట్టు వాదించుకుంటారు కానీ రిజిస్టరు తెరిచి చూసినవాళ్లు తక్కువ. మీ లెక్కలో 1953 దగ్గర ఒక గీత గీస్తే, రెండో గీత 2006 దగ్గర గీయండి. ఆ ఏడాది తెచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది, ఏడాదికో తరగతి చొప్పున పైకి వెళ్లి 2015-16లో పదో తరగతికి చేరింది. ఒక జాగ్రత్త: కులం, పుట్టిన తేదీ ఉన్న పేజీల ఫొటోలు గ్రూపులో పడేయకండి. మనకు కావాల్సింది అంకెలు, పేర్లు కాదు.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ‘మీ రోజుల్లో స్కూలు ఎలా ఉండేది సార్’ అని అడిగితే ‘ఆ రోజులే వేరు బాబూ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ‘మీది పదకొండో క్లాసు ఎస్సెస్సెల్సీనా, పదో క్లాసుదా?’ అని మొదలుపెట్టండి, కాలం అప్పుడే తెలిసిపోతుంది. ‘అమ్మా, మధ్యాహ్నం అన్నం ఎక్కడ తినేవారు?’ అన్నది ఇంకో మంచి ప్రశ్న. కామరాజ్ మధ్యాహ్న భోజనం 1956లో వచ్చింది, ఎంజీఆర్ సత్తుణవు (పౌష్టిక భోజన పథకం) 1982 జులైలో చిన్నపిల్లలకు మొదలై 1984లో పెద్ద తరగతులకూ వచ్చింది, కాబట్టి హైస్కూల్లో సత్తుణవు తిన్నామన్నవాళ్లు ఏ కాలం వాళ్లో ఇట్టే తెలుస్తుంది. 1965 హిందీ వ్యతిరేక ఉద్యమంలో స్కూలు మూతపడిన రోజుల గురించి అడిగితే మాత్రం టీ రెండు సార్లు పెట్టించుకోవాల్సి వస్తుంది, అంత చెబుతారు.

బయటి ఆధారాలకు ఎగ్మూరు వెళ్లండి. తమిళనాడు ఆర్కైవ్స్‌లో విద్యాశాఖ జీవోలు, కన్నిమెరా లైబ్రరీలో పాత పత్రికలు ఉంటాయి. మద్రాసులోనే అచ్చయిన ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ పాత సంచికలు ఎక్కడ దొరికినా చూడండి. 1961 చెంగల్పట్టు జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో ఏ ఊళ్లో ఏ స్థాయి బడి ఉందో ఉంటుంది. స్కూలును హైస్కూలుగా, తర్వాత హయ్యర్ సెకండరీగా పెంచిన జీవో నంబరు, తేదీ దొరక్కపోతే టెన్షన్ పడకండి, పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘స్కూలు చరిత్ర ఇవ్వండి’ అని అడగొద్దు, ఆ జీవో కాపీ ఒక్కటే అడగండి.

ఆడపిల్లల స్కూలు విడిపోయి వేరే కాంపౌండుకు వెళ్లి ఉంటే పాత రిజిస్టర్లు మగపిల్లల స్కూల్లోనే ఉండిపోయి ఉండొచ్చు, రెండు చోట్లా అడగండి. పరీక్షలుండే మార్చి, ఏప్రిల్‌లోనూ, అడ్మిషన్ల జూన్‌లోనూ ఆఫీసు గడప తొక్కకండి, ఆగస్టులో, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్తే క్లర్కు గారు బీరువా తాళం తీస్తారు.