జూకీ మిషన్ ఇంటికి తెచ్చుకున్న మొదటి వారం: సమస్య - పరిష్కారం

కాలి మిషన్ మీద జాకెట్లు కుట్టిన చెయ్యి పవర్ మిషన్‌కి (ఏ కంపెనీదైనా మనవాళ్లకి అది జూకీయే) వెంటనే అలవాటు పడదు. నేను పాత మిషన్ కొన్నప్పుడు పాడైందనుకుని మెకానిక్‌ని రెండుసార్లు పిలిచాను. రెండుసార్లూ మిషన్ బాగానే ఉంది, బిగించడంలోనే తేడా.

స్విచ్ వేసినా మోటారు సరిగ్గా తిరగదు
గార్మెంట్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే పాత మిషన్లలో కొన్నిటికి త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది సింగిల్ ఫేజ్. కొనేముందే మోటారు మీది రేకు చదవండి. 415 వోల్టులు మాత్రమే రాసి ఉంటే మోటారు మార్చాలి, ఆ ఖర్చు బేరంలోనే తగ్గించమనండి.

కాలు ఆనించగానే బట్ట లాక్కుపోతోంది, ఊరికే ఉన్నా హోరు
అది క్లచ్ మోటారు. కుట్టినా కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటుంది. దాని బదులు సర్వో మోటారు పెట్టించుకోండి. పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది, వేగం తగ్గించుకునే మీట కూడా ఉంటుంది. ఇంట్లో కుట్టేవాళ్లకి నేనైతే మరో మాట చెప్పను. మెడ పైపింగ్ దగ్గర ఒక్కో కుట్టూ వేసుకోగలగడం దీనితోనే కుదురుతుంది.

కుట్లు వదిలేస్తోంది, దారం తెగుతోంది
నూటికి తొంభైసార్లు సూదే కారణమని నా నమ్మకం. ఇంటి మిషన్ సూదికి పైభాగం ఒకపక్క చదునుగా ఉంటుంది, కాబట్టి తప్పుగా పట్టదు. జూకీకి వాడే డీబీ×1 రకం సూది పైభాగం గుండ్రం, ఎటైనా పడుతుంది. అక్కడే మోసపోతాం. సూదిని వెలుతురులో పెట్టి గోటితో తడమండి. ఒకవైపు పొడవునా గాడి తగులుతుంది, రెండోవైపు కన్ను పైన చిన్న గుంట ఉంటుంది. గాడి మీ ఎడమకి, గుంట కుడికి రావాలి. సూదిని పూర్తిగా పైకి నెట్టి స్క్రూ బిగించి, దారం ఎడమ నుంచి కుడికి ఎక్కించండి. సూది నంబరు పల్చటి పట్టుకి 9 లేదా 11, మామూలు కాటన్‌కి 14, జీన్స్‌కి 16 లేదా 18.

బట్ట కింద దారం గుత్తులు కడుతోంది
కింద కనిపిస్తోంది కదా అని బాబిన్ కేసు (కింది దారం ఉండే డబ్బీ) స్క్రూ తిప్పేస్తాం. తప్పు పైదారంది. ఫుట్ (బట్టని నొక్కిపట్టే పాదం) దించి ఉండగా దారం ఎక్కిస్తే, దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లల మధ్య సరిగ్గా కూర్చోదు. ఫుట్ ఎత్తి మళ్లీ ఎక్కించండి. మొదటి రెండు కుట్లకి దారం కొసలు వెనక్కి పట్టుకోండి. కేసుని దారంతో వేలాడదీసి కొంచెం కుదిపితే కొద్దిగా జారి ఆగాలి. అలా ఆగితే స్క్రూ జోలికి పోవద్దు.

పైన గాజు కిటికీలో నూనె చిమ్మడం లేదు
వెంటనే ఆపండి. రవాణాకి ముందు మిషన్ కింది ట్రేలో నూనె తీసేస్తారు, మళ్లీ పోయడం మరిచిపోతాం. ట్రేలో పై గీత దాకా మిషన్ తెల్లనూనె పోయండి. కొబ్బరినూనె వద్దు, జిగురుగా పేరుకుంటుంది. తర్వాత చిత్తుగుడ్డ మీద కొంతసేపు నెమ్మదిగా నడపండి. లేకపోతే మొదటి నూనె మరక పట్టు జాకెట్ మీదే పడుతుంది.

హెడ్ (బల్ల మీది మిషన్ భాగం) ముట్టుకుంటే జిల్లుమంటోంది
ఎర్త్ అందడం లేదు. ప్లగ్ తీసేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. రెండు పిన్నుల అడాప్టర్‌తో ఈ మిషన్ నడపకండి, ఒక్క జాకెట్ మిగిలినా సరే.