ఫొటో ప్రింట్ పాలిపోయి వస్తోందా? హెడ్ క్లీనింగ్ నొక్కే ముందు ఇవి చూడండి

ఇంటికి వైఫై ఆల్ ఇన్ వన్ ప్రింటర్ కొన్నవాళ్లు నాకు ఫోన్ చేసి చెప్పేది చాలావరకు ఒకటే. "ఆధార్ జిరాక్స్ బాగానే వస్తోంది, పిల్లల ప్రాజెక్టు వర్క్ బాగానే వస్తోంది. ఫొటో పేపర్ పెడితే మాత్రం మొహాలు పాలిపోతున్నాయి అన్నా, హెడ్ పోయిందంటావా?" హెడ్ అంటే కాగితం మీద ఇంకు చల్లే భాగం. అది పోయి ఉండదు. కానీ ఫోన్ చేసేసరికే నాలుగైదుసార్లు హెడ్ క్లీనింగ్ కొట్టి ఉంటారు. ట్యాంకులో ఇంకు కళ్ల ముందే దిగిపోయి ఉంటుంది. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా ఇంక్‌జెట్‌ల గురించే, ట్యాంకువైనా కార్ట్రిడ్జ్‌వైనా. పేపర్ పెట్టడం, ఇంకు నింపడం, వైఫైకి కలపడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ఏ సమస్యకైనా ముందు నాజిల్ చెక్

నాజిల్స్ అంటే హెడ్‌లో ఇంకు బయటికొచ్చే సన్నటి రంధ్రాలు. మామూలు ఏ4 కాగితం పెట్టి నాజిల్ చెక్ ప్రింట్ తీయండి. నిమిషం పని. ప్రింటర్ మెనూలోనో, కంప్యూటర్‌లో మెయింటెనెన్స్ ట్యాబ్‌లోనో ఉంటుంది. ఒక్కో రంగులో సన్నటి గీతలో, గళ్లో వస్తాయి. ఎక్కడా తెగకుండా వస్తే హెడ్ బాగున్నట్టే. మధ్యలో ఖాళీలుంటే ఆ రంగు నాజిల్స్‌లో ఇంకు ఎండిందనో, గాలి చేరిందనో అర్థం.

పసుపు దగ్గర చాలామంది పొరబడతారు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తెల్లకాగితం మీద పసుపు గీతలు సరిగ్గా కనిపించవు. పగలు కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, కాగితాన్ని కాస్త వంచి చూడండి. పసుపు సగం పోతే చర్మం రంగు మొత్తం నీలంగానో గులాబీగానో తిరిగిపోతుంది, తప్పు మాత్రం ఏదో పెద్ద భాగంలో ఉందనిపిస్తుంది.

గీతలన్నీ పూర్తిగా ఉన్నాయా? అయితే ఇక హెడ్ క్లీనింగ్ జోలికి వెళ్లకండి. క్లీనింగ్ నొక్కిన ప్రతిసారీ ప్రింటర్ హెడ్‌లోంచి ఇంకు లాగి లోపలున్న వేస్ట్ ప్యాడ్‌లో పోస్తుంది. ఆ ప్యాడ్ నిండితే ప్రింటర్ పనిచేయడం ఆపేస్తుంది. కొన్ని మోడళ్లలో ఆ ప్యాడ్ ఉన్న డబ్బాను మనమే మార్చుకోవచ్చు, మిగతావాటికి సర్వీస్ సెంటర్ ఖర్చే.

నాజిల్ చెక్ బాగుంది, ఫొటో మాత్రం పాలిపోయింది, నలుపు వేలికి అంటుతోంది

దీని దగ్గర నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మా మేనమామ షష్టిపూర్తి ఫొటోలు. చుట్టాలందరికీ తలా నాలుగు 4×6 ఫొటోలు ఇవ్వాలని ఆయన కోరిక. ప్రింటర్ ఆయనదే, అంతకుముందు అదే ప్రింటర్‌లో నేనే మంచి ఫొటోలు తీశాను. ఆరోజు మాత్రం మొహాలు బూడిద పూసినట్టు వస్తున్నాయి, అడ్డంగా సన్నటి చారలు. నాజిల్ చెక్ తీశాను, ఒక్క గీత తెగలేదు. అయినా నమ్మలేదు. క్లీనింగ్ చేశాను. ఇంకు పాతదేమోనని కొత్త బాటిల్స్ తెప్పించాను. ఫొటో పేపర్ ప్యాకెట్ కూడా మార్చాను. ఏమీ మారలేదు. "ఒరేయ్, స్టూడియోకి పంపేద్దాం లేరా" అన్నాడు మామయ్య.

రెండో రోజు సాయంత్రం ఒక ఫొటో చేతిలో పట్టుకుని చూస్తుంటే బొటనవేలికి నల్లగా అంటింది. అత్తయ్య జడ ఉన్నచోట వేలిముద్ర పడి చెరిగిపోయింది. పక్కనే పట్టుచీర ఆకుపచ్చను గట్టిగా రుద్దాను, చెక్కు చెదరలేదు. నలుపు ఒక్కటే లేస్తోంది. అప్పుడు తెలిసింది, ప్రింటర్ ఆ ఫొటో పేపర్‌ను మామూలు కాగితం అనుకుంటోందని.

ఇళ్లలో ఎక్కువగా వాడే నాలుగు రంగుల ట్యాంక్ ప్రింటర్లు చాలావాటిలో, ఉదాహరణకు కెనాన్ పిక్స్‌మా జీ సిరీస్‌లో జీ3000, జీ3010 లాంటివి, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్, బ్రదర్ డీసీపీ-టీ రకాల్లో, నలుపు ఒక రకం ఇంకు, మిగతా మూడు రంగులు వేరే రకం. నలుపు పిగ్మెంట్, అంటే నీళ్లలో కలిసిన సన్నటి పొడి. కాగితం మీద అక్షరం నల్లగా, పదునుగా రావడానికి అది పెడతారు. సయాన్ (ఆకాశ నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు మాత్రం డై, నీళ్లలో పూర్తిగా కరిగిన రంగు. గ్లాసీ పేపర్ పైన ఉండే పూత డైని లోపలికి పీల్చుకుంటుంది. ఈ పిగ్మెంట్ నలుపు మాత్రం పైనే కూర్చుంటుంది, తాకితే లేచిపోతుంది.

ఇది ప్రింటర్‌కు తెలుసు. పేపర్ టైప్ "ఫొటో పేపర్ గ్లాసీ" అని చెప్తే నల్ల ట్యాంకును పక్కనపెట్టి, మూడు రంగులూ కలిపి నలుపు తయారుచేస్తుంది. ఇంకు కొలతగా వేస్తుంది, హెడ్‌ను ఎక్కువసార్లు తిప్పి చారలు లేకుండా చూస్తుంది, రంగుల లెక్క కూడా ఆ పేపర్‌కు తగ్గట్టు మార్చుకుంటుంది. "ప్లెయిన్ పేపర్" అని ఉంటే ఇవేవీ జరగవు. ట్రేలో ఉన్నది ఫొటో పేపరో, నోట్‌బుక్ కాగితమో చాలా ఇంటి ప్రింటర్లు వాటంతట అవి కనిపెట్టలేవు. మనం ఏది చెప్తే అదే.

మరి నేనెందుకు పట్టుకోలేకపోయాను? పేపర్ టైప్ నేను ముందే సెట్ చేసిపెట్టాను కదా అన్న ధీమా. ఆ సెట్టింగ్ పాతరోజుల్లో యూఎస్‌బీ కేబుల్‌తో ఉన్నప్పటిది. తర్వాత ప్రింటర్‌ను వైఫైకి కలిపినప్పుడు విండోస్ దాన్ని తనంతట తాను కొత్తగా చేర్చుకుంది. లిస్టులో అదే పేరుతో రెండు ప్రింటర్లు ఉన్నాయి. నేను సెట్ చేసింది ఒకటి, ప్రింట్ వెళ్తున్నది ఇంకొకటి.

కంప్యూటర్‌లో ఇలా చూడండి. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ తెరిచి, మీ ప్రింటర్ మీద నొక్కి, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్లండి. డ్రైవర్ అన్నచోట "మైక్రోసాఫ్ట్ ఐపీపీ క్లాస్ డ్రైవర్" అని ఉంటే అది విండోస్ తెచ్చుకున్న సాధారణ డ్రైవర్ (కంప్యూటర్ ప్రింటర్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్). అక్షరాలకు సరిపోతుంది, ఫొటోలకు కావలసిన పేపర్ రకాలన్నీ అందులో కనిపించకపోవచ్చు. ఆ ప్రింటర్‌ను లిస్టు నుంచి తీసేసి, కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ పూర్తి డ్రైవర్ దించుకుని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వైర్‌లెస్ ఎంచుకోండి. తర్వాత ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో పేపర్ టైప్ గ్లాసీ, క్వాలిటీ హై, సైజు 4×6 పెట్టి, డ్రైవర్‌లో ఆ సదుపాయం ఉంటే "ఫొటో" అని ఒక పేరుతో సేవ్ చేసుకోండి. క్రోమ్‌లోంచి ప్రింట్ ఇస్తే దాని సొంత విండోలో పేపర్ టైప్ కనిపించదు. కంట్రోల్, షిఫ్ట్, పీ కలిపి నొక్కితే సిస్టమ్ డైలాగ్ తెరుచుకుంటుంది, అక్కడి నుంచి ఇవ్వండి.

ఫోన్‌లో ఇంకా సులువుగా దారి తప్పుతాం. గ్యాలరీలో ఫొటో తెరిచి ప్రింట్ నొక్కగానే ఆండ్రాయిడ్ సొంత ప్రింట్ స్క్రీన్ వస్తుంది. కాపీలు, పేపర్ సైజు, కలర్ కనిపిస్తాయి. పేపర్ టైప్ ఎక్కడో మోర్ ఆప్షన్స్‌లో ఉంటుంది, లేదా అసలు ఉండదు. అందుకే ఫోన్ నుంచి ఫొటో తీసేటప్పుడు గ్యాలరీ నుంచి వద్దు. ఎప్సన్ స్మార్ట్ ప్యానెల్, కెనాన్ ప్రింట్ లాంటి మీ కంపెనీ యాప్ తెరిచి, అందులోంచే ఫొటో ఎంచుకుని, ప్రింట్ నొక్కే ముందు పేపర్ టైప్ ఒకసారి చూడండి. ఇంకో ఆనవాలు కూడా చెప్తాను. చాలా ప్రింటర్లలో బోర్డర్‌లెస్, అంటే తెల్ల అంచు లేకుండా ప్రింట్ చేయడం, ఫొటో పేపర్‌కే పనిచేస్తుంది. ఆ ఆప్షన్ మసకబారి నొక్కడానికి వీల్లేకుండా ఉందంటే, పేపర్ టైప్ ఇంకా ప్లెయిన్‌లోనే ఉందేమో చూడాలి.

ప్రింట్ తీసి అరగంట ఆరాక బొటనవేలితో రుద్ది చూడండి. నలుపు ఒక్కటే లేస్తే పైన చెప్పిందే కారణం. అన్ని రంగులూ తడితడిగా లేస్తే పేపర్ తిరగబడింది, లేదా అది లేజర్ ప్రింటర్ల గ్లాసీ పేపర్. ఇంక్‌జెట్‌కు అది పనికిరాదు. ఏ రంగూ లేవకపోయినా మొహాలు పాలిపోతే అప్పుడు కూడా ముందు పేపర్ టైపే చూడండి. నలుపు కూడా డై అయిన ప్రింటర్లలో వేలికి అంటదు, రంగులు మాత్రం ఇలాగే చస్తాయి.

ఫొటోల పని అయ్యాక సెట్టింగ్‌ను మళ్లీ ప్లెయిన్‌కు మార్చండి. లేకపోతే మామూలు కాగితం మీద ఇంకు ఎక్కువ పడి, కాగితం తడిసి అలలు తేలుతుంది.

నాజిల్ చెక్‌లో గీతలు తెగాయి

ఇప్పుడు హెడ్ క్లీనింగ్ చేయండి. ఒకసారి చేసి మళ్లీ నాజిల్ చెక్. ఇంకా తెగితే ఇంకోసారి. అప్పటికీ రాకపోతే ఆపేసి రాత్రంతా వదిలేయండి. ఎండిన ఇంకు నానడానికి, ట్యూబులో గాలి ఉంటే సర్దుకోవడానికి టైమ్ కావాలి. పొద్దున చేసిన ఒక్క క్లీనింగ్‌తోనే గీతలన్నీ వచ్చిన ప్రింటర్లు ఎన్నో చూశాను.

ఇది మళ్లీమళ్లీ వస్తుంటే రెండు అలవాట్లు చూసుకోండి. ప్రింటర్‌ను గోడ స్విచ్ దగ్గర ఆపుతున్నారా? ప్రింటర్ మీదున్న పవర్ బటన్‌తోనే ఆపాలి. అలా ఆపితేనే హెడ్ వెళ్లి తన రబ్బరు మూత మీద కూర్చుంటుంది. పని మధ్యలో కరెంటు తీసేస్తే మూత లేకుండానే ఆగిపోవచ్చు, మన ఎండాకాలంలో అది ఎండడానికి ఎంతో సేపు పట్టదు. రెండోది, వారానికి ఒక రంగుల పేజీ అయినా తీస్తున్నారా? నెలల తరబడి కదలకుండా ఉన్న ప్రింటర్లే ఎక్కువగా నా దగ్గరకు వస్తాయి. ట్యాంకులో ఇంకు కింది గీత దాటనివ్వకండి, గాలి ట్యూబుల్లోకి వెళ్తుంది.

నిన్న వచ్చింది, ఇవాళ ఆఫ్‌లైన్ అంటోంది

కరెంటు పోయి వచ్చిందేమో గుర్తుచేసుకోండి. రౌటర్ మళ్లీ లేచినప్పుడు ప్రింటర్‌కు కొత్త ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇచ్చి ఉండొచ్చు, కంప్యూటర్ ఇంకా పాతదాన్నే వెతుకుతుంటుంది. ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ స్టేటస్ పేజీ తీసి ఇప్పుడున్న ఐపీ చూడండి. రౌటర్ సెట్టింగ్స్‌లో అదే ఐపీని ప్రింటర్‌కు రిజర్వ్ చేస్తే ఈ గొడవ మళ్లీ రాదు. అసలు మొదటిసారే కలవకపోతే, చాలా ఇంటి ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. సెటప్ అయ్యేవరకూ ఫోన్‌ను కూడా దానిమీదే ఉంచండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్న ఫోన్‌కు ప్రింటర్ మామూలుగా కనిపించదు.

మిగతావి

రంగులు బాగున్నాయి కానీ ఫొటో మొద్దుగా, గళ్లుగళ్లుగా ఉందంటే అది వాట్సాప్‌లో సైజు తగ్గి వచ్చిన ఫొటో అయి ఉండొచ్చు. ఏ4 నిండా బాగా రావాలంటే సుమారు 2480×3508 పిక్సెల్స్ ఉండాలి, 4×6కి 1200×1800 చాలు. పంపినవాళ్లను డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి.

కాగితాల్ని తనే లాక్కునే పై ఫీడర్‌లో పెట్టి స్కాన్ చేస్తే నిలువు గీత వస్తోంది, అద్దం మీద పెడితే రావడం లేదు అంటే, పెద్ద అద్దం పక్కనున్న సన్నటి గాజుపట్టీ తుడవండి. హెడ్ నిజంగా కాలిపోవడం, బోర్డు పోవడం నేను చాలా అరుదుగా చూశాను, వాటి గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు.

ఇంకా కొనలేదా?

ఇంట్లో పని ముప్పావువంతు కాగితాలైతే పిగ్మెంట్ నలుపున్న నాలుగు రంగులది హాయిగా తీసుకోండి. అక్షరాలు బాగుంటాయి, పేపర్ టైప్ గుర్తుపెట్టుకుంటే ఫొటోలూ బాగానే వస్తాయి. ఫొటోలే ముఖ్యమైతే ఆరు రంగుల ట్యాంక్ ప్రింటర్ చూడండి. కొన్నిటిలో లేత సయాన్, లేత మెజెంటా ఉంటాయి, కొన్నిటిలో ఎరుపు, గ్రే. చర్మం రంగు, పట్టుచీర మడతల్లో నీడలు వాటిలో స్పష్టంగా తేడా తెలుస్తాయి.

షాపుకు వెళ్లేటప్పుడు ఫోన్‌లో మీ ఇంట్లోవాళ్ల ఫొటో ఒకటి, ఒక గ్లాసీ పేపర్ ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. వాళ్ల డెమో ప్రింట్ కాకుండా మీ ఫొటోనే వైఫై మీద, కంపెనీ యాప్‌లోంచి, మీ చేత్తో తీయనివ్వమనండి. యాప్‌లో పేపర్ టైప్ ఎక్కడుందో అక్కడే చూసుకోండి. ప్రింట్ వచ్చాక అరగంట ఆగి, జుట్టు ఉన్నచోట బొటనవేలితో ఒకసారి రుద్దండి.