తాగుడు మాన్పించే చికిత్స దగ్గర్లో ఎలా వెతకాలి? ముందు డాక్టరు, తర్వాతే సెంటరు

ఇంట్లో ఒకరి తాగుడు చెయ్యి దాటిపోయిందని తెలియగానే చాలా కుటుంబాలు ఫోన్ తీసి ‘దగ్గర్లో డీ-అడిక్షన్ సెంటర్’ అని వెతుకుతాయి. పైన కనబడ్డ నంబరుకి ఫోన్ చేస్తే అవతలి మనిషి గంటలో బండి పంపిస్తానంటాడు, అడ్వాన్సు ఫోన్‌లో కొట్టమంటాడు. ఆ రాత్రే మనిషిని బండెక్కించేస్తారు. వెళ్ళే చోట డాక్టరున్నాడా అని ఎవరూ అడగరు.

ముందు వెతకాల్సింది డాక్టరుని. సెంటరు అవసరమా, అవసరమైతే ఎన్నాళ్ళు అన్నది ఆయన చూశాకే తేలుతుంది. ఎంతోమందికి వారం పది రోజులు ఆసుపత్రిలో ఉండి, ఆ తర్వాత ఓపీకి తిరిగితే సరిపోతుంది. వరుస తప్పితే డబ్బు పోవడం ఒక్కటే కాదు, ప్రాణం మీదికి వస్తుంది.

1. ఒక కాగితం మీద రాసుకోండి

ఏం తాగుతున్నారు, రోజుకి ఎంత, ఎన్నేళ్ళుగా, చివరిసారి ఎప్పుడు, పొద్దున్న లేవగానే చేతులు వణుకుతున్నాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, షుగరు, బీపీ, లివర్ జబ్బు ఉన్నాయా. వాడుతున్న మాత్రల అట్టలు కూడా ఒక కవర్లో వేసుకోండి. ‘బాగా తాగుతాడండీ’ అంటే డాక్టరుకి ఏమీ అందదు. క్వార్టరా, హాఫా, ఫుల్లా రాయండి. క్వార్టర్ విస్కీలో, అంటే 180 మిల్లీలీటర్లలో, దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. డాక్టరు ఇచ్చే మాత్రల మోతాదు ఈ లెక్క మీదే ఆధారపడుతుంది కాబట్టి పరువు కోసం తగ్గించి చెప్పకండి.

తెలంగాణలో అయితే ‘కల్లే కదా’ అని వదిలేస్తారు. అది పెద్ద పొరపాటు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలమ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ పట్టుబడ్డ సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఆ కల్లుకి అలవాటు పడ్డ మనిషి మత్తుమాత్రలకి అలవాటు పడ్డట్టే. ఉన్నట్టుండి ఆపేస్తే నిద్ర పట్టదు, మాట తడబడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డ కొద్దిరోజులకే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తింది అందుకే. ఏ దుకాణం కల్లో, రోజుకి ఎన్ని సీసాలో కూడా రాయండి.

ఇంకో మాట. రోజూ పొద్దున్నే మొదలుపెట్టే మనిషి చేత డాక్టరుకి చూపించే లోపు పూర్తిగా మాన్పించకండి. ఒట్టు వేయించుకుని గదిలో ఉంచడం, ఉన్నపళంగా మాల వేయించడం రెండూ ఇక్కడే బెడిసికొడతాయి. దీక్ష మీద భక్తి ఉంటే మంచిదే, కానీ మాలకి రెండు వారాల ముందే ఆసుపత్రిలో చూపించి వేయించండి. వణుకు మొదలయ్యాక ఊళ్ళో ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం కూడా వద్దు. ఏళ్ళ తరబడి తాగిన ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఫిట్స్ వచ్చినా, లేని మనుషులు కనబడుతున్నారని చెప్పినా 108కి ఫోన్ చేసి నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి.

2. రెండు నంబర్లు

14416 టెలీ మానస్. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. 14446 కేంద్ర సామాజిక న్యాయ శాఖ వాళ్ళ మత్తు విముక్తి హెల్ప్‌లైన్. ‘ఏం చేయాలండీ’ అని మొదలుపెడితే మాట ఎటో పోతుంది. సూటిగా అడగండి: మా జిల్లాలో కేంద్రం సాయంతో నడిచే ఐఆర్‌సీఏ ఎక్కడుంది? ప్రభుత్వ ఆసుపత్రిలో ఏటీఎఫ్ ఉందా? ఐఆర్‌సీఏలు స్వచ్ఛంద సంస్థలు నడిపే సెంటర్లు, అక్కడ చికిత్స ఉచితం. ఏటీఎఫ్ అంటే ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉండే వ్యసన చికిత్స విభాగం. చిరునామా, ఫోన్ నంబరు రాసుకుని పెట్టేయండి.

3. ఓపీ చీటీ

మొదటి చూపు ప్రభుత్వ బోధనాసుపత్రిలోనే. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, వరంగల్‌లో ఎంజీఎం, తిరుపతిలో రుయా, గుంటూరు, విజయవాడ, కాకినాడ, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు, ఇలా మీకు దగ్గర్లో ఏది ఉంటే అది. అనంతపురం, చిత్తూరు వైపు వాళ్ళకి బెంగళూరు నిమ్హాన్స్ అందుబాటులో ఉంటుంది, అక్కడ వ్యసన చికిత్సకి ప్రత్యేక విభాగమే ఉంది. పేరున్న ప్రైవేటు సైకియాట్రిస్టులు చాలామందే ఉన్నారు. అయినా మొదటిసారి పెద్దాసుపత్రే మేలు. లివర్ చూసే వాళ్ళు, ఫిట్స్ చూసే వాళ్ళు, రక్త పరీక్షలు ఒకే ఆవరణలో ఉంటాయి. పైగా మిమ్మల్ని చేర్చుకుంటే లాభపడే వాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

సోమవారం రద్దీ, మంగళవారమో బుధవారమో పొద్దున్న ఎనిమిదింటికల్లా వెళ్ళండి. కౌంటర్లో ‘సైకియాట్రీ ఓపీ’ అని చెప్పి చీటీ రాయించుకోండి. ‘కడుపులో మంట, నీరసం’ అని చెబితే జనరల్ మెడిసిన్‌కి రాస్తారు, గ్యాస్ మాత్రలతో ఇంటికొస్తారు.

గంజాయో, మత్తు ఇంజెక్షన్లో అయితే పోలీసుల భయంతో ఆసుపత్రికే వెళ్ళరు. డాక్టరు పని వైద్యం, కేసు పెట్టడం కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకానికో కొద్ది మోతాదుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు కూడా తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న సంస్థలోనో చికిత్సకి ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

4. సెంటరు చూసి రావడం: తొందరపడకూడని చోటు

సెంటరు అవసరమని డాక్టరు రాస్తే, మనిషిని తీసుకెళ్ళక ముందు మీరొక్కసారి వెళ్ళి చూడాలి. ముందుగా చెప్పకుండా, మధ్యాహ్నం ఒంటిగంటకి, భోజనాల వేళ వెళ్ళండి. ఏం వడ్డిస్తున్నారో, ఎవరు వడ్డిస్తున్నారో, తినేవాళ్ళ ముఖాలు ఎలా ఉన్నాయో అప్పుడే కనబడుతుంది. లోపలికి రానివ్వకుండా గేటు దగ్గర ఆఫీసు గదిలోనే మాట్లాడి పంపించే సెంటరులో చేర్చకండి. మీ ఊరి నుంచి బస్సులో రెండు గంటల్లో వెళ్ళగలిగేదే తీసుకోండి. దూరమైతే మొదటి వారం తర్వాత ఎవరూ చూడటానికి వెళ్ళరు, చూసేవాళ్ళు లేని మనిషికి జరగకూడనివి జరుగుతాయి.

మొదట అడగాల్సింది రిజిస్ట్రేషన్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే సమస్యలనీ మానసిక అనారోగ్యం కిందే లెక్కవేసింది. కాబట్టి మనుషుల్ని ఉంచి చికిత్స చేసే సెంటరుకి రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. చాలాచోట్ల సొసైటీ రిజిస్ట్రేషన్, ట్రేడ్ లైసెన్సు ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారు. అవి దీనికి బదులు కావు. సర్టిఫికెట్లో సెంటరు పేరు, ఈ చిరునామా, చెల్లే తేదీ మూడూ చదవండి.

తర్వాత డాక్టరు. పేరేమిటి, ఎం.డి. సైకియాట్రీయా, ఏయే రోజులు, ఎన్ని గంటలకి వస్తారు, మెడికల్ కౌన్సిల్ నంబరు ఎంత? ‘డాక్టరు గారు ఆన్ కాల్ అండి’ అంటే అక్కడితో ఊరుకోకండి. ఈ ప్రశ్న అడగండి: ‘చేరిన రెండో రోజు రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే మీరేం చేస్తారు?’

ఆ రాత్రి గురించే ఎందుకంటే, రోజూ ఎక్కువగా తాగే మనిషి ఆపేశాక 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, మంచం దిగి పరిగెడతారు, జ్వరం, గుండెదడ పెరుగుతాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే చనిపోవచ్చు. అదే మనిషికి క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్ర తగిన మోతాదులో ఇచ్చి రోజురోజుకీ తగ్గించుకుంటూ వస్తే, లివర్ బాగా చెడిన వాళ్ళకి లొరాజిపామ్ వాడితే, థయమిన్ ఇస్తే, ఈ వారం గడిచిపోతుంది. డాక్టరు లేని చోట ఈ మతి తప్పడాన్నే ‘నాటకం’ అనుకుని మంచానికి కట్టేస్తారు, కొడతారు.

కాబట్టి మీ ప్రశ్నకి సరైన జవాబులో నర్సు పేరు ఉంటుంది, ఇచ్చే ఇంజెక్షన్ పేరు ఉంటుంది, పంపే ఆసుపత్రి పేరు, అది ఎన్ని నిమిషాల దూరమో ఉంటుంది. ‘మా దగ్గర అలాంటివి రావండి’ అనేది జవాబు కాదు, వెనక్కి తిరిగి వచ్చేయండి. ఒక రోగి మందుల చార్టు ఎలా రాస్తున్నారో, పేరు కనబడకుండానే, చూపించమనండి. తేదీ, వేళ, మాత్ర, మోతాదు, ఇచ్చినవాళ్ళ సంతకం గడిగడికీ ఉండాలి. వారం సంతకాలన్నీ ఒకే పెన్నుతో ఒకేసారి పెట్టినట్టుంటే ఆ చార్టు చూపించడానికి రాసిందని అర్థం.

ఇక బండి సంగతి. రాత్రిపూట నలుగురొచ్చి మనిషిని ఎత్తుకెళ్ళే ‘పికప్’ చట్టంలో లేదు. మనిషి ఇష్టపడి చేరడమే మామూలు పద్ధతి. ఇష్టం లేకుండా చేర్చాలంటే ఇద్దరు నిపుణులు, అందులో ఒకరు సైకియాట్రిస్టు, విడివిడిగా పరీక్షించి, తనకో ఇతరులకో హాని ఉందనో, తన బాగోగులు చూసుకోలేని స్థితిలో ఉన్నాడనో రాయాలి. అలా చేర్చినా మొదట 30 రోజులకి మించి ఉంచకూడదు. మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి ఏడు రోజుల్లో తెలియజేయాలి, ఆడవాళ్ళయితే మూడు రోజుల్లోనే. ‘మూడు నెలల ప్యాకేజీ, మధ్యలో కలవనివ్వం’ అనే సెంటరు ఈ చట్టాన్ని పట్టించుకోవట్లేదు.

లోపల తిరిగేటప్పుడు తలల వైపు చూడండి. అందరికీ గుండు గీసి ఉంటే అది క్రమశిక్షణ కాదు, బలవంతంగా గుండు గీయడాన్ని అదే చట్టం నిషేధించింది. గొలుసులతో కట్టడం కూడా అంతే. రోగుల చేత బలవంతంగా పని చేయించకూడదు, ఫోన్లో మాట్లాడుకునే హక్కు వాళ్ళకుంది. వీలైతే కోలుకుంటున్న ఒకరితో సిబ్బంది పక్కన లేకుండా ఐదు నిమిషాలు మాట్లాడండి. రాత్రిళ్ళు తలుపు బయటి నుంచి తాళం వేస్తారా అని అడగండి. మంటలొస్తే ఆ తాళమే చంపుతుంది.

‘వంద శాతం గ్యారంటీ’ అన్న బోర్డు, ‘అతనికి తెలియకుండా కాఫీలో కలపండి’ అనే పొడి, రెండిటికీ దూరంగా ఉండండి. అలా కలిపే వాటిలో డైసల్ఫిరామ్ ఉండవచ్చు. అది మంచి మందే, తెలిసి వేసుకునే మనిషికి, డాక్టరు చూస్తుండగా. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్న వాళ్ళ ప్రాణం పోవచ్చు. ఆపేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉంటుంది. చెప్పకుండా సాంబారులో కలిపితే, ఆ సాయంత్రం మామూలుగా తాగొచ్చిన మనిషికి ఏమవుతుందో ఊహించుకోండి.

5. డబ్బు

ఐఆర్‌సీఏ, ప్రభుత్వాసుపత్రి అయితే పెద్ద ఖర్చుండదు. ప్రైవేటయితే రోజుకి ఎంత, మందులు, పరీక్షలు అందులోనేనా, మధ్యలో వెళ్ళిపోతే ఎంత తిరిగిస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. నెలకి మించి అడ్వాన్సు కట్టవద్దు. ఆరోగ్య బీమాని నమ్ముకోకండి, చాలా పాలసీల్లో మద్యం, మత్తు చికిత్సకి మినహాయింపు ఉంటుంది. ప్రభుత్వ పథకం కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి.

6. రానని మొండికేస్తే

మొదటిసారి మీరొక్కరే ఓపీకి వెళ్ళండి. కాగితం చూపించి ఎలా మాట్లాడాలో అడగండి. ఇంట్లో మాట్లాడేటప్పుడు, తాగి ఉన్నప్పుడు మాత్రం ఆ మాట ఎత్తకండి. పొద్దున్న, ఒకరే, ఎవరి మాట వింటారో వాళ్ళు. ‘తాగుడు మానెయ్’ అనడం కంటే ‘చేతులు వణుకుతున్నాయి కదా, నిద్ర పట్టట్లేదు కదా, దానికి చూపించుకుందాం’ అంటే కదిలే వాళ్ళే ఎక్కువ. గుడికి వెళ్దామని చెప్పి ఆసుపత్రి ముందు దించవద్దు, ఇంకోసారి మీతో ఎక్కడికీ రారు.

7. ఇంటికొచ్చాక

డిశ్చార్జ్ షీటు మీద తర్వాతి ఓపీ తేదీ రాయించుకోకుండా బయటికి రావద్దు. తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు నెలల తరబడి వాడాలి, బాగుంది కదా అని మానేస్తే మళ్ళీ మొదలవుతుంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు ఉచితం, దగ్గర్లో ఎక్కడ జరుగుతాయో ఆసుపత్రి కౌన్సెలరు చెబుతారు. ఇంట్లో వాళ్ళకి అల్-అనాన్ పేరుతో వేరుగా ఉంటాయి.

హెరాయిన్ లాంటివి, మత్తు కోసం వాడే నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు మానిన వాళ్ళ విషయంలో ఇంట్లో అందరికీ ఒకటి తెలిసి ఉండాలి. నెల రోజులు దూరంగా ఉన్నాక ఒళ్ళు పాత మోతాదు తట్టుకోలేదు. మళ్ళీ జారి అప్పటంతా తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. గురక మారి, పెదాలు నీలంగా మారి, పిలిస్తే పలకకపోతే నిద్రపోతున్నాడని వదిలేయకండి. పక్కకి ఒత్తిగిలేలా పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి, ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి.