పీవీసీ వైరును థర్మోకోల్‌కు ఆనించకండి

ఫాల్స్ సీలింగ్ పైన గానీ, కోల్డ్ స్టోరేజీ గోడల్లో గానీ థర్మోకోల్ షీట్లు వేయించేవారు, అటుగా వెళ్లే కరెంటు వైర్లు షీటుకు నేరుగా తగలకుండా గట్టి పీవీసీ పైపులోంచి లాగించుకోవడం మంచిది. పీవీసీ రెసిన్, అంటే ముడి ప్లాస్టిక్, స్వతహాగా బిరుసుగా ఉంటుంది. వైరు తొడుగుకు కావలసిన మెత్తదనం కోసం, కాంపౌండ్ (తొడుగుకు వాడే ప్లాస్టిక్ మిశ్రమం) తయారుచేసేటప్పుడు అందులో ప్లాస్టిసైజర్ అనే నూనెవంటి ద్రవాన్ని, వేడిని తట్టుకునేందుకు స్టెబిలైజర్లను, కాల్షియం కార్బొనేట్ వంటి పూరకాలను కలిపి గుళికలుగా చేస్తారు. గట్టి పైపుల కాంపౌండ్‌లో ఈ ద్రవం ఉండదు, అందుకే వాటితో కింద చెప్పే చిక్కు లేదు.

ప్లాస్టిసైజర్ రెసిన్‌తో రసాయనిక బంధం ఏర్పరచుకోదు కనుక, థర్మోకోల్ ఏళ్ల తరబడి ఆనుకొని ఉంటే మెల్లగా అందులోకి వలసపోతుంది. అప్పుడు షీటు వైరు పొడవునా మెత్తబడి గాడి పడుతుంది, జిగటగా అంటుకుంటుంది. వైరు తొడుగేమో పెళుసెక్కి, వంచినచోట పగుళ్లిస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఇది వేగం పుంజుకుంటుంది. వైరు మీద ఎఫ్ఆర్ అని రాసి ఉన్నా ఈ బెడద తప్పదు, ఎందుకంటే ఆ గుర్తు మంట వ్యాపించకుండా చూసే గుణాన్నే సూచిస్తుంది. వినాయక చవితి మండపం కొన్నాళ్లదే కాబట్టి దాని గురించి కంగారు అక్కరలేదు. ఇంట్లో ఇప్పటికే వైర్లు థర్మోకోల్‌కు అంటుకొని ఉంటే మాత్రం వాటిని పీకి లాగకుండా, మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్ అనే పరికరంతో ఇన్సులేషన్ పరీక్ష చేయించండి.