జప్‌జీ సాహిబ్ చదువుతుంటే మనసు ఎటో పోతోందా?

రోజూ నిత్‌నేమ్ (సిక్కుల రోజువారీ ప్రార్థనలు, పొద్దున చదివే జప్‌జీ అందులో ఒకటి) చేసేవాళ్లకి ఒక ఇబ్బంది ఉంటుంది. పాఠం కంఠతా వచ్చేశాక నోరు దాని పాటికి అది చదివేస్తుంది, మనసు మాత్రం ఆఫీసు పనులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. నాకూ అంతే. 20వ పౌడీ (చరణం) దగ్గర ఉన్నాననుకుంటే అప్పటికే చివరి శ్లోకంలో ఉండేదాన్ని!

నాకు పనికొచ్చింది ఒకటే: నా గొంతు నా చెవికి వినపడేలా చదవడం. గట్టిగా అక్కర్లేదు, పక్కగదిలో వాళ్లు లేవకుండా ఉంటే చాలు. జప్‌జీలో 8 నుంచి 11 వరకు నాలుగు పౌడీలూ 'సుణిఐ' అనే మొదలవుతాయి, అంటే వినడం గురించే. అక్కడికి రాగానే వింటున్నానా లేదా అని నన్ను నేనే చూసుకుంటాను. మనసు జారిందని తెలిస్తే మొదటికి వెళ్లను, ఆ పౌడీనే మళ్లీ చదువుతాను. మొదటికి వెళ్తే టైమ్ అయిపోతోందన్న టెన్షన్ ఇంకోటి.

మొత్తం 38 పౌడీలు. రోజుకో పౌడీ అర్థం ముందురోజు రాత్రే చదువుకుని పడుకుంటే, పొద్దున అది వచ్చినప్పుడు మనసు ఠక్కున ఆగుతుంది.

ఫోన్‌లో చూసి చదివేవాళ్లు గుట్కాకి, అంటే చిన్న ప్రార్థనల పుస్తకానికి, మారి చూడండి. అమృత్‌వేళలో (తెల్లవారుజామున) కూడా వాట్సాప్ గుడ్ మార్నింగ్‌లు ఆగవు కదా.

సిమ్రన్‌కైతే, అంటే 'వాహేగురు' అని దేవుణ్ణి స్మరించడానికైతే, ఊపిరి తీసేటప్పుడు 'వాహే', వదిలేటప్పుడు 'గురు'. మొదట్లో ఐదు నిమిషాలు చాలు.