వెన్నుపాము గాయం తర్వాత నొప్పి – 4వ పాఠం: వీల్‌చైర్ తోసేవారి భుజం

గత పాఠంలో రాయమన్న నొప్పి పట్టిక ముందు పెట్టుకోండి. గాయం స్థాయికి కింద మంట, సూదులు గుచ్చినట్టుండడం, కరెంటు షాకులా కొట్టడం నరాల నొప్పి లక్షణాలు. దాని దారి వేరు. కుర్చీ తోసినప్పుడో, చేయెత్తినప్పుడో భుజంలో వచ్చే పోటు గురించే ఈ పాఠం. చేయి అసలు లేవకపోయినా, భుజం వాచినా ముందు డాక్టరుకు చూపించండి.

కాళ్లు చేయాల్సిన పని భుజాల మీద పడుతుంది. తోసీ తోసీ ఛాతీ కండరాలు బిగుస్తాయి. రెక్క ఎముకను వెనక్కి పట్టి ఉంచే కండరాలు నీరసిస్తాయి. భుజం ముందుకు జారి, చేయెత్తినప్పుడల్లా లోపలి టెండన్లు (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పోగులు) ఎముక కింద నలుగుతాయి. అందుకే ముందువైపు సాగదీయాలి, వెనకవైపు బలపరచాలి. చాలామంది దీన్ని తిరగేసి, డంబెల్స్‌తో ఛాతీనే ఇంకా పెంచుతారు.

బ్రేకులు వేయండి. ఎలాస్టిక్ బ్యాండును మోచేతి ఎత్తులో కిటికీ చువ్వకు కట్టి, నొప్పి చేయి కిటికీకి అవతలివైపు ఉండేలా పక్కకు తిరిగి కూర్చోండి. మోచేయి 90 డిగ్రీలు మడిచి, మోచేతికీ పక్కటెముకలకూ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టండి. ముంజేతిని 2 సెకన్లలో బయటికి తిప్పి, 4 సెకన్లలో వెనక్కి తీసుకురండి. 8 నుంచి 12 సార్లు, 3 విడతలు, రోజు విడిచి రోజు. 15 సార్లు తేలిగ్గా వస్తుంటే మందమైన బ్యాండుకు మారండి. తువ్వాలు జారిపడితే చేయి కాదు, భుజం మొత్తం కదులుతోందన్నమాట. నడుము నిలవనివారు ఛాతీకి బెల్టు పెట్టుకోవాలి; లేకపోతే ఒళ్లే తిరుగుతుంది, కండరానికి పని పడదు. వేళ్లకు పట్టు లేనివారు బ్యాండును మణికట్టుకు చుట్టుకోవచ్చు. స్పర్శ తెలియని చోట కింద గుడ్డ వేసి, తర్వాత చర్మం కందిందేమో చూడండి. రబ్బరు పడనివారికి లాటెక్స్ లేని బ్యాండు కావాలి.

తర్వాత కిటికీకి ఎదురుగా తిరిగి, రెండు చేతులతో బ్యాండును వెనక్కి లాగుతూ రెక్క ఎముకలను దగ్గరికి తేవాలి. లెక్క అదే. భుజాలు చెవుల వైపు లేవకూడదు. చివర, గుమ్మం చెక్కకు చేయి ఆనించి 30 సెకన్ల చొప్పున రెండుసార్లు ఛాతీని సాగదీయండి. చేయి భుజం ఎత్తు దాటకూడదు.

0–10 నొప్పి కొలతలో, మొదలుపెట్టినప్పటి నొప్పి కంటే 2 అంకెలు పెరిగినా, మర్నాడు పొద్దుటికీ తగ్గకపోయినా సగం చేయండి.

రోజంతా తోసే తీరు మారకపోతే ఇదంతా వృథా. పొట్టి కుదుపులు మానేసి, పొడవుగా, మెత్తగా తోయండి. వదిలాక చేతిని రిమ్ము (చేత్తో పట్టి తోసే చక్రపు కడియం) కిందుగా వెనక్కి తేండి. రిమ్ము పైభాగాన చేయి పెట్టినప్పుడు మోచేతి కోణం 100–120 డిగ్రీలు ఉండాలి. టైర్లలో గాలి తగ్గితే భుజానికి బరువు పెరుగుతుంది. పుండ్లు పడకుండా చేతుల మీద ఒళ్లు పైకి లేపే అలవాటుంటే, బదులుగా రెండు నిమిషాలు ముందుకో పక్కకో వాలండి.

గాయం టి6 (ఛాతీ వెన్నుపూసల్లో ఆరోది) స్థాయిలో గానీ అంతకు పైన గానీ ఉన్నవారికి హఠాత్తుగా తలనొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు వస్తే వెంటనే ఆపండి; బీపీ ప్రమాదకరంగా పెరిగిందనడానికి ఇవి గుర్తులు. నిటారుగా కూర్చుని, బిగుతు బట్టలు వదులు చేసి, కాథెటర్ (మూత్రం గొట్టం) మడతపడిందేమో చూడండి. వీరి మామూలు పై బీపీయే 90–110 మధ్య ఉండొచ్చు. కాబట్టి 140 చూసి పర్వాలేదనుకోకూడదు. లక్షణాలు తగ్గకపోతే ఆసుపత్రికే.

వచ్చే పాఠం: మంచం నుంచి కుర్చీకి మారడం, ట్రాన్స్‌ఫర్ బోర్డు వాడకం.